కాలిన మోటార్లతో పాఠం చెప్తానంటే కాలేజీ గ్రాంటు ఇచ్చింది: నా అనుభవం

2024 జూలైలో, రొట్టెల పండగ వారంలో, మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కాలేజీ నాణ్యత చూసే ఐక్యూఏసీ విభాగం నుంచి సర్క్యులర్ ఒకటి పడింది. బోధనలో కొత్త పద్ధతులు మొదలుపెట్టడానికి సీడ్ మనీ ఇస్తారట, ఒక్కో ప్రతిపాదనకు 50 వేల దాకా, చివరి తేదీ జూలై 31. కింద వరుసగా బొటనవేళ్ల బొమ్మలు వచ్చాయి. మా డిపార్ట్‌మెంట్‌లో అప్లై చేసింది మాత్రం నేనొక్కదాన్నే.

నేను పని చేసేది నెల్లూరు జిల్లాలో ఒక అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీ, ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్. రెండో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో ఇండక్షన్ మోటార్లు చెప్తాను. నా క్లాసులో చాలామంది అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి వచ్చే పిల్లలు. ఇంట్లో రొయ్యల గుంటలు, గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు, ఏరేటర్లకు రెండు హార్స్‌పవర్ మోటార్లు. ఏటా ఎన్ని కాలుతాయో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. అయినా పరీక్షలో "సింగిల్ ఫేజింగ్ అంటే ఏమిటి" అని అడిగితే పుస్తకంలోని నాలుగు లైన్లు రాసి వదిలేస్తారు. మోటారుకొచ్చే మూడు కరెంటు లైన్లలో ఒకటి పోవడమే అది. వాళ్ల గుంట గట్టు మీది మోటారుకూ ఈ నాలుగు లైన్లకూ సంబంధం ఉందని వాళ్లకు తట్టదు. కాలిన మోటార్లు తెచ్చి, విప్పి, ఎందుకు కాలాయో పిల్లల చేతే పట్టించి, మళ్ళీ వైండింగ్ చేయించాలి. పక్కన నిజమైన వైండింగ్ మేస్త్రి ఉండాలి. ప్రతిపాదన మొత్తం ఇంతే.

ఇది రాయడానికి అరపేజీ చాలు. ఫారం పదకొండు పేజీలుంది. లిటరేచర్ సర్వే, ఆబ్జెక్టివ్స్, మెథడాలజీ, కోర్సు ఔట్‌కమ్స్‌తో మ్యాపింగ్, ఆశించే పబ్లికేషన్లు. చివరి గడి చూసి ఆగిపోయాను. పాఠం మెరుగుపడితే పేపర్ ఎందుకు రావాలి? ఐక్యూఏసీలో పనిచేసే సీనియర్ సార్‌ని అడిగితే అసలు సంగతి చెప్పారు. కాలేజీల నాణ్యత అంచనా వేసే నాక్, అటానమస్ కాలేజీలకు వేసే లెక్కలో టీచర్లకిచ్చే సీడ్ మనీ మూడో క్రైటీరియన్ కింద, అంటే రిసెర్చ్ కింద వస్తుంది. పాఠం చెప్పే పద్ధతులేమో రెండో క్రైటీరియన్. డబ్బు మూడో దాంట్లో లెక్కకు రావాలంటే నా మోటార్లు రిసెర్చ్ అయి తీరాలి. "టైటిల్ మార్చమ్మా, మిగతాది అట్నే ఉంచు" అన్నారాయన. నేను పెట్టిన పేరు "కాలిన మోటారు ఎందుకు కాలింది". అది పోయి, "ఎక్స్‌పీరియన్షియల్ లెర్నింగ్ ఫ్రేమ్‌వర్క్ ఫర్ ఫాల్ట్ డయాగ్నసిస్ ఇన్ ఇండక్షన్ మెషీన్స్" వచ్చింది. ఆ ఒక్క లైనుతో ఫైలుకు గౌరవం పెరిగింది, నిజం చెప్తున్నా.

బడ్జెట్ 48,500 వేశాను. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ 7,000, మల్టీమీటర్లు ఆరు 8,400, వైండింగ్‌లో షార్టు పట్టే గ్రోలర్ 4,500, కాలిన మోటార్లు ఆరు 15,000, రాగి తీగ, ఇన్సులేషన్‌కు వాడే లెదరాయిడ్ పేపరు, స్లీవులు, వార్నిష్ కలిపి 6,000, మేస్త్రికి 6,000, చిల్లర ఖర్చులకు 1,600. ఈ ధరల కోసం ఒక శనివారం ఆటోనగర్‌లో తిరిగాను. వైండింగ్ షాపు భాయ్ నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మా, మంచి మోటార్లు వదిలేసి కాలిపోయినవి మీకెందుకు?" అన్నాడు. చెప్పాక కాసేపు నవ్వి, "వస్తా లే, పిల్లకాయలకు నేర్పిస్తే పుణ్యమే" అన్నాడు. ఆయనకు ఆ పనిలో ముప్పై ఏళ్లు దాటాయి.

ఆగస్టు మొత్తం ఏ కబురూ లేదు. సెప్టెంబరు మూడో వారంలో కమిటీ ముందు ప్రెజెంటేషన్‌కు పిలిచారు. ఏడు నిమిషాలు టైమిచ్చి మూడో నిమిషంలోనే ప్రశ్నలు మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న: ఇందులోంచి స్కోపస్ జాబితాకెక్కే రిసెర్చ్ పేపర్లు ఎన్ని వస్తాయి? రెండోది: కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ఉచితంగా ఉన్నాయి కదా, ఈ ఖర్చెందుకు? ఈ రెండో ప్రశ్న నాకు కోపం తెప్పించలేదు, ఎందుకంటే సబబైనదే. వర్చువల్ ల్యాబ్స్ నేనూ వాడతాను. రోటర్‌ని తిరగకుండా ఆపి చేసే బ్లాక్డ్ రోటర్ టెస్టు రీడింగులు ఎలా మారతాయో క్లాసుకు ముందు చూపించడానికి చాలా బాగుంటాయి. కానీ తెర మీది మోటారు కాలదు. కాలినా వాసన రాదు. ఆ మాటే చెప్పాను. బయటి నుంచి వచ్చిన ఇండస్ట్రీ మెంబరు ఒకాయన తలూపారు. నాకు కాస్త ఊపిరి తిరిగింది.

మూడో ప్రశ్న దగ్గర ఇరుక్కున్నాను. "మేస్త్రి అంటున్నారు, ఆయన క్వాలిఫికేషన్ ఏంటి?" ఏడో తరగతి అని చెబితే గదిలో ఒక చిన్న నవ్వు తిరిగింది. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది. వృత్తిలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లను తీసుకోవచ్చు, డిగ్రీలు తప్పనిసరి కాదు. ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లాను కాబట్టి చూపించాను. అది పెద్ద హోదాలవాళ్ల కోసం పెట్టిందని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా కాగితం చేతికిచ్చాక నవ్వు ఆగింది. అప్లై చేసేవాళ్లు ఇలాంటి కాగితం ఒకటి ఫైల్లో పెట్టుకుని వెళ్లండి, నోటితో చెప్తే ఎవరూ వినరు.

దసరా సెలవులయ్యాయి. అక్టోబరు మధ్యలో వాయుగుండం వానలకు మళ్ళీ సెలవులు. శాంక్షన్ లెటర్ దీపావళి తర్వాత వచ్చింది. మంజూరైంది 30,000. మేస్త్రి ఆరు వేలు, చిల్లర ఖర్చులు పూర్తిగా కొట్టేశారు, మిగతావి మీరే సర్దుకోండని ఒక లైను. అదే లెటర్లో ఇంకో లైను ఉంది, దాన్ని నేను ఇంటికెళ్లాక గానీ సరిగా చదవలేదు: "అసలు బిల్లులు సమర్పించిన మీదట రీయింబర్స్ చేయబడును." అంటే ముందు డబ్బు నాది. మా ఆయన లెటర్ చదివి, "గ్రాంటా ఇది, అప్పా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, పాప స్కూలు టర్మ్ ఫీజు కట్టే నెల అది.

ఇక కొనుగోళ్లు. మూడు కొటేషన్లు కావాలి. ఆన్‌లైన్‌లో మెగ్గర్ ఎనిమిది వందలు తక్కువకు కనిపిస్తోంది, కానీ దానికి కొటేషన్ రాదు కాబట్టి కొనకూడదు. ట్రంకు రోడ్డు దగ్గర ఒక షాపులో అడిగితే, "మూడూ మేమే ఇస్తాం మేడమ్, వేరే లెటర్‌హెడ్లు ఉండాయి" అన్నాడు ఆ కుర్రాడు, అదేదో కస్టమర్ సర్వీసు అయినట్టు. వద్దని చెప్పి మిగతా రెండు చోట్లా నేనే తిరిగాను. బిల్లు నా పేరు మీద కాకుండా ప్రిన్సిపాల్ పేరు మీద, కాలేజీ అడ్రసుతో ఉండాలి. సర్క్యులర్‌లో ఎక్కడా ఈ మాట లేదు, అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా నోట్లో ఉంది. కొన్న ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఆ పేజీ నంబరు బిల్లు వెనక రాయించి, హెచ్‌ఓడీ సంతకం పెట్టించాలి. వార్నిష్ డబ్బా, తీగ లాంటివి కన్జ్యూమబుల్స్ రిజిస్టర్‌లో వేరుగా. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు చాలా మధ్యాహ్నాలు మిగిలేవి.

కాలిన మోటార్ల దగ్గర అసలు చిక్కు వచ్చింది. పాత ఇనుము కొట్టువాడు జీఎస్టీ బిల్లు ఇవ్వడు. రైతు అసలే ఇవ్వడు. బిల్లు లేని వస్తువుకు రూపాయి రాదు. డిసెంబరులో ఇదే తల పట్టుకుని కూర్చుంటే, విడవలూరు వైపు నుంచి వచ్చే ఒక పిల్ల, "మేడమ్, కొనడం ఎందుకు? మా నాన్నని అడిగి తెస్తా, బాగు చేసి ఇచ్చేస్తే చాలంటాడు" అంది. నాకు ఆరు నెలలుగా తట్టనిది దానికి అర నిమిషంలో తట్టింది. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురు నాన్నలు, ఒక మేనమామ కలిసి నాలుగు మోటార్లు ట్రాలీ ఆటోలో పంపించారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు. లోపలికి రావచ్చట, కానీ తిరిగి బయటికి పోవాలంటే ఇప్పుడే రిటర్నబుల్ గేట్ పాస్ రాయించుకోవాలట. స్టోర్స్‌లో ఆ పుస్తకం దొరకడానికి పూట పట్టింది. ఆటో అతను వెయిటింగ్‌కు మూడొందలు అడిగాడు. అది నా జేబులోంచే.

మోటార్లకు వేసిన డబ్బు మిగిలింది కదా, అందులోంచి భాయ్‌కి ఇద్దామంటే కుదరదన్నారు. ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మార్చాలంటే మళ్ళీ కమిటీ కూర్చోవాలి. చివరికి హెచ్‌ఓడీ సార్ డిపార్ట్‌మెంట్ అసోసియేషన్ గెస్ట్ లెక్చర్ల పద్దులోంచి రెండు వేలు ఇప్పించారు. మిగతా నాలుగు వేలు నేనే ఫోన్‌పే చేశాను. భాయ్ మొదట వద్దన్నాడు. షాపు మూసుకుని వస్తున్నాడు కదా, నేను ఒప్పుకోలేదు.

డబ్బు కంటే కష్టమైంది టైమ్. ల్యాబు వారానికి మూడు గంటలే, అందులో పరీక్షకు చేయాల్సిన ప్రయోగాల లిస్టు ముందే ఉంటుంది. సాయంత్రం ఉండండని పిల్లలతో అనలేం. నాలుగు ఇరవైకి కాలేజీ బస్సులు కదిలితే మళ్ళీ కోవూరు వెళ్లాలన్నా, కావలి వెళ్లాలన్నా వాళ్లు హైవే మీద చెయ్యి ఊపుతూ నిలబడాలి. ఆడపిల్లల ఇళ్లలో అసలు ఒప్పుకోరు. ఆదివారం అంటే హాస్టల్ పిల్లలే మిగులుతారు, రొయ్యల గుంటల పిల్లలంతా డే స్కాలర్లు. ఈ గ్రాంటు ఫారంలో పదకొండు పేజీలున్నాయి గానీ "ఈ పని ఏ గంటలో చేస్తారు" అనే ప్రశ్న ఎక్కడా లేదు. కమిటీలో కూడా ఎవరూ అడగలేదు. హెచ్‌ఓడీ సార్ టైంటేబుల్ పరిచి చూసి, 2023 నాటి ఆర్23 సిలబస్‌లో స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ కోర్సుకున్న గురువారం మధ్యాహ్నం స్లాట్‌ని, ఆ కోర్సు చెప్పే సార్‌తో మాట్లాడి, ఆరు వారాలకు నాకు ఇప్పించారు. బదులుగా ఆయన రెండు థియరీ క్లాసులు నేను తీసుకున్నాను. నాకు అందిన సాయాల్లో పెద్దది ఇదే, దీనికి శాంక్షన్ ఆర్డర్ నంబరు లేదు.

ఫిబ్రవరి మొదటి గురువారం మొదటి మోటారు విప్పాం. చివరి మూత, అంటే ఎండ్ షీల్డు బోల్టులు తుప్పు పట్టి రాలేదు. ఉప్పు గాలికి గుంటల దగ్గర ఇనుము అలాగే అవుతుంది. ఒక కుర్రాడు సుత్తి ఎత్తితే భాయ్ చెయ్యి పట్టుకుని, "అట్టా కాదబ్బయ్యా, కిరసనాయిలు పోసి టీ తాగొద్దాం పా" అన్నాడు. టీ తాగి వచ్చాక బోల్టు తిరిగింది. లోపల తిరిగే రోటర్ బయటికి లాగగానే కాలిన వార్నిష్ వాసన గదంతా పట్టింది. పిల్లలు ముక్కులు మూసుకుని, తీగలు చుట్టి ఉండే స్టేటర్ మీదకు వంగారు. కాయిల్స్ ఒక వరుసలో ఉన్నాయి: రెండు కట్టలు బొగ్గులా నల్లగా, పక్కది ఎర్రగా కొత్తదానిలా, మళ్ళీ రెండు నల్లగా, ఒకటి ఎర్రగా. చుట్టూ అంతే.

నేనేమీ చెప్పలేదు. భాయ్ కూడా చెప్పబోయి నన్ను చూసి ఆగాడు. కాసేపు ఓవర్‌లోడ్ అన్నారు, నీళ్లు పోయాయన్నారు. నీళ్లు పోతే ఒకచోట కాలాలి గదా అని వాళ్లలో వాళ్లే కొట్టేశారు. మోటారు తెచ్చిన పిల్లే, వేలితో కట్టలు లెక్కపెడుతూ, "మేడమ్, మూడింట్లో రెండు ఫేజులు కాలినై, ఒకటి బాగుంది. ఇది స్టార్ కనెక్షనా?" అంది. స్టార్‌లో, అంటే మూడు ఫేజుల చివర్లు ఒకచోట కలిపినప్పుడు, ఒక లైను పోతే మిగిలిన రెండు ఫేజుల్లోనే కరెంటు పోతుంది, అవే మాడతాయి. త్రికోణంలా కలిపిన డెల్టా అయితే ఒకటే మాడుతుంది. బోర్డు మీద నేను ఏళ్ల తరబడి గీస్తున్న బొమ్మ అది. ఆ పిల్ల ఆగి ఇంకో మాట అంది: "అయితే తప్పు మోటారుది కాదు మేడమ్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజుది. మా నాన్న మోటారు కంపెనీని తిడుతుండాడు." తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది, అప్పుడు ఏరేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది. అందుకని వాళ్ల నాన్న రాత్రిళ్లు గట్టు మీదే పడుకుంటాడట. ఆ రోజు ఇంటికెళ్లి ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ధర కనుక్కోమని తనే నాన్నకు చెప్పిందట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

తర్వాత వారాలు వైండింగ్. స్లాట్లలో లెదరాయిడ్ పేపర్ కత్తిరించి దూర్చడం, చుట్లు లెక్క తప్పకుండా కాయిల్ చుట్టడం, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడటం. నాలుగు మోటార్లలో మూడు తిరిగాయి. నాలుగోది వార్నిష్ సరిగ్గా ఆరక మెగ్గర్‌లో ఫెయిలైంది. భాయ్ దాన్ని షాపుకు తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టి సరిచేశాడు. గేట్ పాస్ అప్పటికే రాయించుకుని ఉండటం కలిసొచ్చింది.

ఏప్రిల్‌లో సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్ వచ్చింది. నా స్కోరు అంతకు ముందు సెమిస్టర్ కంటే తగ్గింది. టెక్నికల్ కాలేజీలను చూసే ఏఐసీటీఈ, టీచర్ల పనితీరుకు వేసే 360 డిగ్రీల లెక్కలో వందకు 25 పాయింట్లు విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌వే, కాబట్టి ఇది పైకి పోయే విషయం. కాలేజీ ఫారంలో ప్రశ్నలు సిలబస్ టైముకు అయిందా, క్లాసుకు వేళకు వచ్చారా, నోట్స్ ఇచ్చారా. మోటార్ల గురించి అడిగే గడి లేదు. కామెంట్స్‌లో కొందరు యూనిఫాం పాడైందని రాశారు. ఒకరు "ప్లేస్‌మెంట్స్‌కి కోడింగ్ కావాలి, మోటార్లు కాదు" అని రాశారు. ఒక తండ్రి అదే మాట ఫోన్ చేసి అడిగాడు. ఆయన మాటలో తప్పు పట్టలేను. మా ఈఈఈ పిల్లల్లో ఎక్కువమంది చేరేది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే. కానీ బాధేసింది, దాచను. ఇంటర్నల్ పరీక్షలో సింగిల్ ఫేజింగ్ ప్రశ్నకు ఈసారి బొమ్మలతో జవాబులు వచ్చాయి. ఆ పేపర్లు కొన్ని జిరాక్స్ తీయించి రిపోర్టుకు జత చేశాను. కమిటీ మాత్రం పేపర్ ఏదని అడిగింది. ఒక కాన్ఫరెన్స్‌కు పంపాను, రిజిస్ట్రేషన్ 4,500, అదీ నాదే.

బిల్లులు, యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఫోటోలు, అటెండెన్స్ అన్నీ కలిపి మార్చి ఆఖర్లో ఇచ్చాను. ఆర్థిక సంవత్సరం మారింది కాబట్టి మళ్ళీ ఒక నోట్ పెట్టాలన్నారు. మే మూడో వారంలో 23,640 ఖాతాలో పడ్డాయి. మంజూరైనదాంట్లో మిగతాది ఖర్చు చేయలేదు కాబట్టి రాలేదు, అది సరే. భాయ్‌కి ఇచ్చిన నాలుగు వేలు, ఆటో వెయిటింగ్, టీలు, కాన్ఫరెన్స్ కలిపి తొమ్మిది వేలు దాటి నా చేతి చమురు. మా కాలేజీలో ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల ఎన్‌పీటీఈఎల్ పరీక్ష పాసైతే ఆ ఫీజు నెల తిరక్కుండా వెనక్కి ఇస్తారు, సర్టిఫికెట్ ఒక్కటి అప్‌లోడ్ చేస్తే చాలు. టీచర్లు దానివైపే ఎందుకు వెళ్తారో నాకు ఇప్పుడు బాగా అర్థమైంది.

2025 జూలైలో మళ్ళీ అదే సర్క్యులర్ వచ్చింది, ఈసారి మెకానికల్ నుంచి ఒకమ్మాయి, సివిల్ నుంచి ఒక సార్ నా ఫైలు అడిగి తీసుకున్నారు. స్టాక్ రిజిస్టర్, ప్రిన్సిపాల్ పేరు మీద బిల్లు, గేట్ పాస్, ఈ మూడూ వాళ్లకు పెన్సిల్‌తో మొదటి పేజీలో రాసిచ్చాను. నేనూ అప్లై చేశాను. మెగ్గర్, గ్రోలర్ ఉన్నాయి కాబట్టి వస్తువులకేమీ అడగలేదు. భాయ్‌కి ఎనిమిది వేలు, వచ్చే సెమిస్టర్ టైంటేబుల్లో గురువారం మధ్యాహ్నం మూడు గంటలు, అంతే. ఎనిమిది వేల మీద కమిటీ ఏ ప్రశ్నా వేయలేదు. మూడు గంటల సంగతి అకడమిక్ సెక్షన్‌కు పంపామన్నారు, జవాబు కోసం చూస్తున్నాను.